అమ్మాయి కౌంటీ ఆఫీసులో చేరతానంటోంది, చేరనివ్వొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి ఇక్కడ బీకాం చేసి, హ్యూస్టన్‌లో పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్‌లో మాస్టర్స్ చదువుతోంది. అక్కడి కౌంటీ ఫైనాన్స్ విభాగంలో ఇంటర్న్‌షిప్ వచ్చింది. బాండ్ల పనట. అప్పుల మీద నడిచే ఆఫీసులో ఏం భవిష్యత్తు ఉంటుంది, డేటా కోర్సుకు మారమని చుట్టాలంటున్నారు. ఏం చేయమంటారు?
- ఒక తండ్రి, నరసరావుపేట

జవాబు: అయ్యా, మీ టెన్షనంతా ‘అప్పు’ అన్న మాట దగ్గరే ఉంది. ముందు అది చూద్దాం.

కౌంటీ అంటే ఇంచుమించు మన జిల్లా. కాకపోతే ఎన్నికైన పాలకవర్గం ఉంటుంది, సొంతంగా ఆస్తి పన్ను వేస్తుంది. ఆసుపత్రో, జైలో, వంతెనో కట్టాలంటే ఒక ఏడాది పన్ను చాలదు. ముప్పై ఏళ్లు వాడుకునే కట్టడానికి ఈ ఏడాది ఉన్నవాళ్లే మొత్తం ఇచ్చుకోవడం న్యాయమూ కాదు. అందుకే బాండ్లు, అంటే వడ్డీతో తిరిగి ఇస్తామనే అప్పు పత్రాలు, అమ్మి ఏళ్ల తరబడి తీరుస్తారు. ఆ వడ్డీ మీద సాధారణంగా ఫెడరల్ ఆదాయపు పన్ను ఉండదు కాబట్టి కొనేవాళ్లు తక్కువ వడ్డీకే ఒప్పుకుంటారు.

హ్యూస్టన్‌లో ఎక్కువ భాగం హ్యారిస్ కౌంటీలో ఉంది. 2017 ఆగస్టులో హార్వీ తుఫాను ఆ ప్రాంతాన్ని ముంచేసింది. సరిగ్గా ఏడాదికి, 2018 ఆగస్టు 25న, వరద నివారణ పనులకు 250 కోట్ల డాలర్ల బాండ్లు జారీ చేయొచ్చా అని జనాన్నే ఓటు అడిగారు. తీర్చేది తమ ఆస్తి పన్నుతోనే అని తెలిసి కూడా 80 శాతానికి పైగా సరేనన్నారు. ఇలా పన్ను వేసే అధికారమే హామీగా ఉన్నవి జనరల్ ఆబ్లిగేషన్ బాండ్లు. టోల్ రోడ్డులాగా తమ వసూళ్లతో తామే తీర్చుకునేవి రెవెన్యూ బాండ్లు.

ఇక పని. జనానికి అమ్మే దాదాపు ప్రతి బాండుకూ అఫీషియల్ స్టేట్‌మెంట్ అనే దస్తావేజు ఉంటుంది. ఎమ్మా (EMMA) అనే వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా చదవొచ్చు. ఈ రాత్రే ఒకటి తెరవమనండి. మొదటి పేజీల్లోనే ఏ సంవత్సరం ఎంత అసలు తీరుతుంది, వడ్డీ ఎంత అన్న పట్టిక ఉంటుంది. ఆస్తి పన్ను మీద నిలిచే బాండయితే, లోపల ఆస్తుల విలువ, పాత అప్పులు, ఎక్కువ పన్ను కట్టే పదిమంది పేర్లు కూడా కనిపిస్తాయి. ఎన్నెకరాలుంది, ఇంకెవరికి బాకీ, హామీ ఎవరని మీ ఊళ్లో వడ్డీకిచ్చేవాళ్లు అడగరూ? అవే ప్రశ్నలు. బీకాం చదివిన పిల్లకు ఇది కొత్త లోకమేం కాదు.

పని చెడితే ఏమవుతుందో కూడా తెలియాలి. అలబామాలోని జెఫర్సన్ కౌంటీ మురుగునీటి వ్యవస్థ కోసం తెచ్చిన అప్పును మారే వడ్డీలకూ, అర్థంకాని స్వాప్ ఒప్పందాలకూ (ఒక రకం వడ్డీని ఇంకో రకంతో మార్చుకునేవి) ముడిపెట్టింది. కొందరు లంచాలు తిని జైలుకెళ్లారు. 2008 సంక్షోభంలో వడ్డీలు ఎగబాకాయి. 2011లో 400 కోట్ల డాలర్లకు పైబడిన అప్పుతో కౌంటీ దివాలా పిటిషన్ వేసింది. భారం చివరికి మురుగునీటి బిల్లు కట్టే సామాన్యుల మీద పడింది. అందుకే లెక్క తెలిసిన, నిజాయితీ ఉన్న పిల్లలు ఈ సీట్లలో కూర్చోవాలని నా కోరిక.

ఇక్కడ నేర్చుకున్నది అప్పు తీర్చే సత్తాకు మార్కులేసే రేటింగ్ సంస్థల్లో, బ్యాంకుల్లో, కౌంటీలకు సలహాలిచ్చే మునిసిపల్ అడ్వైజర్ సంస్థల్లో పనికొస్తుంది. ఆ చివరిదానికి సిరీస్ 50 పరీక్ష రాయాలి. వీసా విషయం మాత్రం దాచను. యూనివర్సిటీలకు హెచ్‌-1బీ లాటరీ నుంచి ఉన్న మినహాయింపు మామూలు కౌంటీ ఆఫీసులకు లేదు. ఇంటర్న్‌షిప్ అక్కడ చేసి, ఉద్యోగానికి ప్రైవేటు సంస్థల వైపు కూడా చూడాలి. తిరిగొచ్చినా దారి ఉంది, కానీ సన్నది. జీహెచ్‌ఎంసీ 2018లో 8.90 శాతం వడ్డీకి 200 కోట్ల రూపాయల బాండ్లు అమ్మింది, అదే ఏడాది విశాఖ కార్పొరేషన్ కూడా అమ్మింది. అయినా మన దగ్గర ఈ మార్కెట్ ఇంకా చిన్నదే.

కోర్సు మార్పించకండి. డేటాబేస్‌లోంచి సమాచారం తీసే ఎస్‌క్యూఎల్, ఎక్సెల్ ఎలాగూ అవసరమే, వాటిని ఒక ఎలక్టివ్‌గా తీసుకోమనండి. చేరే ముందు కాలేజీ ఇంటర్నేషనల్ ఆఫీసులో సీపీటీ (చదువులో భాగంగా బయట పనిచేయడానికి విదేశీ విద్యార్థులకిచ్చే) అనుమతి రాతపూర్వకంగా తీసుకోవాలి. అది చేతికి రాకుండా ఒక్కరోజు కూడా పనికి వెళ్లొద్దని చెప్పండి.