బూజు పట్టిన చెనిక్కాయల చెక్కను ఎండబెట్టి ఆవులకు పెట్టవచ్చా?

వానకు చెమ్మగిల్లిన చెనిక్కాయల చెక్కకు, అంటే వేరుశనగ నూనె తీశాక మిగిలే పిప్పికి, పచ్చని బూజు పట్టిందనీ, దాన్ని దులిపి ఎండబెట్టి ఆవులకు పెట్టవచ్చా అనీ, ఆ పాలను బాగా కాచి పిల్లలకు పోస్తే సరిపోతుందా అనీ మీరు అడిగారు. రెండూ వద్దు. పలమనేరు దగ్గర మా ఊళ్లో నేను మీరు చేయాలనుకుంటున్న పనే చేసి నష్టపోయాను కనుక కాస్త వివరంగా రాస్తున్నాను.

కొన్నేళ్ల కిందట కార్తీకంలో వాయుగుండం పట్టి నాలుగు రోజులు ఎండ మొహం చూడలేదు. గానుగ నుంచి తెచ్చిన రెండు మూటల చెక్కను కొట్టంలో గచ్చు మీదే, గోడకు ఆనించి పెట్టాను. మూట విప్పేసరికి అడుగు బిళ్లలకు పసుపు కలిసిన పచ్చ బూజు కనిపించింది. చీపురుతో దులిపి, రెండు రోజులు ఎండలో వేసి, నానబెట్టి దాణాలో కలిపాను. ముక్క వాసన పోయింది కాబట్టి విషమూ పోయిందనుకున్నాను. వారం తిరిగేసరికి ఆవులు మేత తగ్గించాయి, పూటకు రెండు లీటర్ల పాలు తగ్గాయి, పెయ్యదూడ పారుకోసాగింది. పరీక్ష చేయించనిదే ఖాయంగా చెప్పలేనంటూనే, ముందు ఆ చెక్క ఆపమన్నారు పశువైద్యులు. ఆపిన పది రోజులకు ఆవులు తేరుకున్నాయి.

ఆయన అనుమానించింది అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని. ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు దీన్ని తయారుచేస్తుంది. బూజు వేరు, అది వదిలిన విషం వేరు. బూజును దులిపినా, ఎండకు చచ్చినా, విషం చెక్కలోనే ఉండిపోతుంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోతే, కారణం వెతకగా బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ చెక్క దగ్గర తేలింది. ఈ విషం లోకానికి తెలిసింది అప్పుడే. ఇది కాలేయాన్ని దెబ్బతీస్తుంది, మనుషులలో కాలేయ క్యాన్సరుకూ కారణమవుతుంది.

ఈ విషంలో బి1 అనేది ఒక రకం. ఆవు తిన్న బి1లో కొంత భాగం ఎం1 అనే మరో రూపంలోకి మారి ఒకటి రెండు పూటల్లోనే పాలలోకి దిగుతుంది. పాలు ఎంత కాచినా అది పోదు. మన దేశంలో పాలకు పెట్టిన పరిమితి కిలోకు 0.5 మైక్రోగ్రాములు, పశువుల దాణాకు బి1 పరిమితి కిలోకు 20 మైక్రోగ్రాములు, అంటే 50 టన్నుల దాణాలో ఒక్క గ్రాము. కంటికి, ముక్కుకు అందే లెక్క కాదిది. మా పాల కేంద్రంలో వెన్న శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాక పాలలో ఉండే మిగతా ఘనపదార్థాలు) చూస్తారే తప్ప దీన్ని చూడరు.

ఇంతకూ తప్పంతా కొట్టానిదే కాదు. కాయ ఊరే చివరి నెలలో వాన మొహం చాటేస్తే నేలలోని బూజు పగిలిన కాయలోకి చేనులోనే చేరుతుంది. మంచి గింజను సంతకు పంపి, నొక్కులు పడ్డవీ రంగు మారినవీ గానుగకు వేయడం మనకు అలవాటు. నూనె తీశాక విషంలో అధిక భాగం చెక్కలోనే మిగులుతుంది.

కనుక మీ దగ్గరున్న బూజు మూటను మంచి చెక్కలో కలిపి పలచన చేయకండి, కోళ్లకు అసలే వేయకండి. వాటికి ఇంకా తొందరగా తగులుతుంది. పశువులు తవ్వలేనంత లోతున పూడ్చేయండి. చెక్క ఆపాక మూడు నాలుగు రోజుల్లో పాలలో ఎం1 దాదాపు పోతుంది. అంతవరకు పిల్లలకు వేరే పాలు పోయండి. ఇక కాయలు నిల్వ చేసేటప్పుడు, ఊపితే గింజ గలగలమనే దాకా ఎండనివ్వండి; తేమ 8 శాతం దాటకూడదు. నేను ఇప్పుడు మూటలను కొయ్య పలకల మీద, గోడకు జానెడు ఎడంగా పెడుతున్నాను, వానకాలంలో ఎంత చౌకగా వచ్చినా పది రోజులకు సరిపడా మాత్రమే కొంటున్నాను.