పాఠకుల ప్రశ్నలు: వాగ్దాన కార్డు, కువైట్ వీసా

ప్రశ్న: షిప్‌యార్డులో కాంట్రాక్టు వెల్డరుని. కువైట్‌లో పని ఉందని ఏజెంటు లక్షన్నర అడుగుతున్నాడు. శనివారంలోగా తేల్చమంటున్నాడు. ప్రార్థించి బైబిలు తెరిస్తే ఆదికాండము 12:1, దేశం విడిచి వెళ్ళమని అబ్రాముకు చెప్పిన మాట వచ్చింది. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో కొత్త ఏడాదికి దేవుని మాటగా తీసిన వాగ్దాన కార్డేమో యిర్మీయా 29:11, మీకు మేలు చేసే ఉద్దేశాలే నాకున్నాయన్న మాట. అమ్మ ఒక్కతే ఉంటుంది, ఆమెకు ఇష్టం లేదు. ఇది దేవుని నడిపింపేనా?
(ఒక సోదరుడు, గాజువాక)

జవాబు: ఆ రెండు వచనాలు చూసి టికెట్ కొనేయకండి. యిర్మీయా 29 బబులోను చెరలో ఉన్నవారికి రాసిన ఉత్తరం. 5 నుంచి 7 వచనాలు చదవండి: ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటండి, ఆ ఊరి క్షేమం కోసం ప్రార్థించండి అని ఉంటుంది. 10లో డెబ్బై ఏళ్ళ మాట. కార్డు ప్రకారమే నడవాలంటే మీరు గాజువాకలోనే స్థలం చూసుకోవాలి! ఇక బైబిలు మధ్యలో తెరిస్తే కీర్తనలు, మొదట్లో తెరిస్తే ఆదికాండము వస్తాయి. ఎవరు తెరిచినా అంతే.

యెహోషువ 9 చూడండి. గిబియోనువాళ్ళు బూజుపట్టిన రొట్టెలు, చినిగిన తిత్తులు చూపించి దూరదేశం నుంచి వచ్చామన్నారు. ఇశ్రాయేలు పెద్దలు రొట్టెలు చూశారు, దేవుణ్ణి అడగలేదు, ఒప్పందం చేసేశారు. వాళ్ళు పక్క ఊరివాళ్ళేనని మూడు రోజులకు బయటపడింది. తొందరపెట్టేవాడిని అందుకే అనుమానించాలి. రిజిస్టరైన ఏజెంటు తీసుకోదగిన సర్వీసు ఛార్జీ 30,000 రూపాయలు, 18 శాతం జీఎస్టీ కలిపి 35,400. మీవాడు లక్షన్నర అంటున్నాడు. కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో అతని లైసెన్సు నంబరు వెతకండి. లేకపోతే దీనికోసం ఉపవాస ప్రార్థన పెట్టనక్కర్లేదు, జవాబు వచ్చేసినట్టే.

లైసెన్సు ఉన్నా లెక్క చూసుకోవాలి. గోపురం కట్టేవాడు ముందు కూర్చుని ఖర్చు చూసుకోడా అని లూకా 14:28 అడుగుతుంది. లక్షన్నర నూటికి రెండు వడ్డీకి తెస్తే నెలకు 3,000 వడ్డీకే పోతుంది. గది, తిండి ఎవరిది, సెలవు ఏ రోజు (అక్కడ తెలుగు ఆరాధనలు ఎక్కువగా శుక్రవారం) అన్నది అగ్రిమెంటులో ఉందా?

అమ్మ సంగతి. సొంతవాళ్ళను చూసుకోనివాడు అవిశ్వాసికన్నా చెడ్డవాడంటుంది 1 తిమోతి 5:8. అలాగని అసలు వెళ్ళొద్దనడం లేదు. అర్ధరాత్రి జ్వరమొస్తే ఆమెను కేజీహెచ్ ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్తారో మీరు పేరు చెప్పగలగాలి.

తర్వాత ముగ్గురిని అడగండి: మీ పాస్టరు గారు, గల్ఫ్‌లో చేసి వచ్చిన వెల్డరు, వద్దంటారని మీకు ముందే తెలిసిన ఒకరు. ఈ మూడోవారినే అందరూ వదిలేస్తారు. అపొస్తలుల కార్యములు 16లో మాసిదోనియకు రమ్మన్న దర్శనం చూసింది పౌలు ఒక్కడే, వెళ్ళాలని నిశ్చయించుకున్నది మాత్రం అందరూ కలిసి. అలా వెళ్ళినా అక్కడి ఫిలిప్పీలో పౌలు, సీల దెబ్బలు తిని జైల్లో పడ్డారు. కాబట్టి వెళ్ళాక కష్టమొచ్చిందని దారి తప్పామనుకోవద్దు.

ప్రశ్న: ఆదివారంలోగా ఫోన్ వస్తే ఈ సంబంధం దేవుని చిత్తమని గుర్తు అడిగాను. వచ్చింది. అబ్బాయి విశ్వాసి కాడు.
(ఒక సోదరి, సీతమ్మధార)

జవాబు: గిద్యోనుకు ఏం చేయాలో న్యాయాధిపతులు 6:14లోనే దేవుడు చెప్పాడు. ఉన్ని పరచి దాని మీద మంచు పడాలని గుర్తు అడిగింది ఆ తర్వాత, ధైర్యం చాలక. పెళ్ళి ‘ప్రభువునందు మాత్రమే’, అంటే విశ్వాసితోనే, అని 1 కొరింథీయులకు 7:39 మీకు ముందే చెప్పింది. ఫోన్ ఏ రోజు వచ్చినా అది మారదు. మాటలు ముదరకముందే, కుదరదని ఈ వారంలో పెద్దవాళ్ళ చేత కబురు చెప్పించండి.