బీమ్‌టైమ్ అడిగే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరమూ, దానితో జతచేసిన ప్రతిపాదన ముసాయిదా, అంటే న్యూట్రాన్ కేంద్రాన్ని బీమ్‌టైమ్ (పుంజం వాడుకునే సమయం) కోరే దరఖాస్తు ముసాయిదా, అందాయి. పెట్రోలు ఇంజన్‌లో నేరుగా సిలిండర్‌లోకి ఇంధనం చిమ్మే ఇంజెక్టర్ లోపల ఏం జరుగుతోందో ఒకవైపు కంప్యూటర్ మోడల్‌తో లెక్కించి, మరొకవైపు న్యూట్రాన్ ఇమేజింగ్‌తో, అంటే న్యూట్రాన్ల పుంజాన్ని దాని గుండా పంపి తీసే నీడ చిత్రాలతో, చూడాలన్నది నీ ఉద్దేశం. ఉద్దేశం మంచిదే. అయితే మోడల్ గురించి పేజీలకు పేజీలు, ప్రయోగం గురించి మరికొన్ని పేజీలు రాసిన నువ్వు, ఆ రెండూ ఎక్కడ కలుస్తాయన్న సంగతిని మాత్రం "ఫలితాలను పోల్చి మోడల్‌ను ధ్రువీకరిస్తాము" అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టావు. ఈ ఉత్తరమంతా ఆ వాక్యం గురించే.

ముందుగా, మొదటి పేజీలో "దహనాన్ని ప్రత్యక్షంగా చూస్తాము" అని రాసిన మాటను కొట్టెయ్యి. ఎక్స్‌రే కిరణాలు ఎలక్ట్రాన్లతో తలపడతాయి కాబట్టి మూలకం బరువెక్కిన కొద్దీ వాటికి అడ్డు పెరుగుతుంది. న్యూట్రాన్లు పరమాణు కేంద్రకాలతో తలపడతాయి కాబట్టి వాటికి అలాంటి వరుస లేదు. హైడ్రోజన్ వాటిని గట్టిగా చెదరగొడుతుంది, అల్యూమినియం దాదాపు అడ్డే చెప్పదు, సీసం కూడా ఎక్స్‌రేలను ఆపినంతగా ఆపదు. లోహపు గోడ వెనక ఉన్న ఇంధనం, ఫ్యూయల్ సెల్‌లో పేరుకున్న నీరు, లిథియం బ్యాటరీలో అటూఇటూ కదిలే లిథియం కనిపించడానికి కారణం ఇదే. జ్వాల సంగతి వేరు. మండుతున్న వాయువులో ఒక ఘన సెంటీమీటరుకు ఉండే హైడ్రోజన్ కేంద్రకాలు ద్రవ ఇంధనంతో పోలిస్తే ఎంతో తక్కువ కనుక, న్యూట్రాన్ దాన్ని పట్టించుకోకుండా దాటిపోతుంది. జ్వాలను చూడాలంటే గాజు కిటికీలూ లేజర్లూ ఉన్న ప్రయోగశాల ఉంది. నీకు న్యూట్రాన్ పనికొచ్చేది కిటికీ పెట్టడానికి వీల్లేని ఉక్కు లోపల, మంటకు ముందు జరిగే కథకు మాత్రమే.

ఇక లెక్కకు వద్దాం. పెట్రోలుకు బదులుగా వాడే ఐసో-ఆక్టేన్‌లో న్యూట్రాన్ పుంజం బలహీనపడే రేటును సెంటీమీటరుకు సుమారు 4 అనుకుంటే, 0.1 మిల్లీమీటరు ఇంధన పొర దాన్ని దాదాపు 4 శాతం తగ్గిస్తుంది. ఆ 4 శాతాన్ని నమ్మకంగా చెప్పాలంటే లెక్కింపులోని ఊగిసలాట 1 శాతానికి మించకూడదు. లెక్కింపులో ఊగిసలాట సంఖ్య వర్గమూలం మేరకు ఉంటుంది కనుక, ఒక్కో పిక్సెల్‌కు 10,000 న్యూట్రాన్లు కావాలి. చదరపు సెంటీమీటరుకు సెకనుకు కోటి న్యూట్రాన్లు వచ్చే మంచి పుంజం నీకు దొరికిందనుకున్నా, 50 మైక్రాన్ల పిక్సెల్ మీద సెకనుకు పడేవి 250 మాత్రమే. నువ్వు చూడాలనుకుంటున్న ఘట్టం, అంటే ఇంధనాన్ని బయటికి వదిలే సూది లేచే క్షణం, 20 మైక్రోసెకన్ల కాలపు కిటికీలో ఇమడాలి. ఒక్క ఇంజెక్షన్‌లో ఆ కిటికీకి దక్కే న్యూట్రాన్లు సగటున 0.005. కాబట్టి 20 లక్షల ఇంజెక్షన్లు కావాలి. సెకనుకు 25 చొప్పున చిమ్మితే 80,000 సెకన్లు, అంటే 22 గంటల పైమాట. దారిలో 5 మిల్లీమీటర్ల ఉక్కు ఉంటే దాదాపు 45 శాతం న్యూట్రాన్లు అక్కడే పోతాయి కనుక ఆ 22 గంటలు 40 గంటలవుతాయి. డిటెక్టర్ ప్రతి న్యూట్రాన్‌నూ పట్టుకోదన్నది ఇందులో ఇంకా కలపలేదు. ఒక్కో న్యూట్రాన్ వచ్చిన సమయాన్ని విడిగా నమోదు చేసే డిటెక్టర్ ఉంటే అన్ని ఘట్టాలూ ఆ సమయంలోనే కలిసి పోగవుతాయి. మామూలు కెమెరా అయితే ఒక్కో ఘట్టానికి విడిగా అంత సమయమూ పడుతుంది.

పిక్సెళ్లను నాలుగు నాలుగు చొప్పున రెండు దిశల్లోనూ కలిపేస్తే సమయం పదహారో వంతుకు దిగుతుంది కదా అని నువ్వు అంటావు. నిజమే, కానీ అప్పుడు పిక్సెల్ 200 మైక్రాన్లవుతుంది. ఇంజన్ దహనం మీద పనిచేసే పరిశోధకుల బృందం ఇంజన్ కంబషన్ నెట్‌వర్క్ వారు ప్రామాణికంగా పెట్టుకున్న స్ప్రే-జి ఇంజెక్టర్‌లో ఒక్కో రంధ్రం వ్యాసం సుమారు 165 మైక్రాన్లు. పిక్సెల్ కంటే చిన్న రంధ్రంలో, పీడనం పడిపోయి పుట్టే ఆవిరి బుడగలు ఏ గోడకు అంటుకున్నాయో ఏ గణితంతోనూ బయటికి తీయలేవు.

అందుకే ప్రశ్నను మార్చమంటాను. సూది మూసుకున్న తరువాత, దాని కింద సాక్ అని పిలిచే చిన్న గదిలో ఇంధనం నిండుగా మిగులుతుందా, లేక సిలిండర్ వాయువు లోపలికి చొరబడుతుందా? తరువాతి ఇంజెక్షన్ తొలి క్షణాలు, ముక్కు తడిసి మసి పట్టడం, కొంతమేర కాలని హైడ్రోకార్బన్లు దీని మీద ఆధారపడతాయి. ఆ స్థితి కొన్ని మిల్లీసెకన్ల పాటు పెద్దగా మారదు కనుక కిటికీని 20 మైక్రోసెకన్ల నుంచి ఒక మిల్లీసెకనుకు పెంచవచ్చు. 40 గంటల లెక్క 50 రెట్లు తగ్గి 48 నిమిషాలకు దిగుతుంది. సాక్‌లో కిరణం దారి అర మిల్లీమీటరు ఉంటే సంకేతం కూడా 4 శాతం నుంచి 18 శాతానికి పెరుగుతుంది. అదే యంత్రం, అదే పుంజం, కానీ తేలే ప్రశ్న.

ఈ లెక్కను వేలితో కాకుండా మోడల్‌తోనే చేయించు. నువ్వు ప్రవాహాలను లెక్కించే ఓపెన్‌ఫోమ్ ప్రోగ్రాంలో చేస్తున్నావు కాబట్టి ద్రవం ఎక్కడ ఎంత భాగం ఉందో, దాని సాంద్రత ఎంతో నీ చేతిలోనే ఉన్నాయి. ఆ క్షేత్రంలోంచి ప్రతి కిరణం వెంబడి హైడ్రోజన్ మొత్తాన్ని కూడబెట్టి, దానికి లోహపు మందాన్ని కలిపి, పుంజం ఎంత తగ్గిందో లెక్కించి, జ్యామితి వల్ల, న్యూట్రాన్లను వెలుగుగా మార్చే సింటిలేటర్ పలక వల్ల వచ్చే మసకను చేర్చి, కిటికీ నిడివి మేరకు సగటు తీసి, చివర లెక్కింపు ఊగిసలాటను కలుపు. అలా వచ్చిన కృత్రిమ చిత్రాన్ని, నిజమైన చిత్రాలకు వాడబోయే అదే ప్రోగ్రాంతో శుద్ధి చెయ్యి. సాక్ నిండుగా ఉందన్న మోడల్‌తో ఒకటి, వాయువు చొరబడిందన్న మోడల్‌తో ఒకటి తీసి, రెంటి మధ్య తేడాను చూడు. ఆ తేడా ఊగిసలాటలో మునిగిపోతే, ఏ కేంద్రానికి వెళ్లినా నీ సందేహం తీరదు.

కొలిచిన చిత్రాన్ని వెనక్కి తిప్పి ఇంధన మందంగా మార్చి, ఆ మందాన్ని మోడల్‌తో పోల్చే పద్ధతి కన్నా ఇది మేలని నేనెందుకు అంటున్నానో చెబుతాను. నీ చిత్రం లక్షల ఇంజెక్షన్ల సగటు. తగ్గుదల ఘాతీయంగా ఉంటుంది కాబట్టి, సగటు ప్రకాశం నుంచి తీసిన మందం, మందాల సగటుతో సమానం కాదు. ఒకచోట సగం సార్లు 5 మిల్లీమీటర్ల ద్రవం ఉండి, సగం సార్లు ఖాళీగా ఉందనుకో. నిజమైన సగటు 2.5 మిల్లీమీటర్లు. చిత్రం నుంచి వెనక్కి లెక్కిస్తే వచ్చేది దాదాపు 1.4 మాత్రమే. పలుచని ఇంజెక్టర్ పొరల్లో ఈ తేడా చిన్నదే గానీ, రేపు ఫ్యూయల్ సెల్ కాలువల్లో నీటి ముద్దల మీదికి ఇదే పద్ధతిని తీసుకెళితే మోసపోతావు. మోడల్‌నే ముందుకు నడిపించి ప్రకాశం దగ్గర పోలిస్తే ఈ చిక్కు దానంతట అదే సర్దుకుంటుంది. ఎల్‌ఈఎస్ (ప్రవాహంలోని పెద్ద సుడులను క్షణక్షణమూ లెక్కించే పద్ధతి) వాడేటట్లయితే ఒకే ఒక్క ఇంజెక్షన్ లెక్కను ఈ సగటు చిత్రం పక్కన పెట్టకూడదన్నది కూడా ఇందులో భాగమే. తగినన్ని ఇంజెక్షన్ చక్రాలు నడిపి, ప్రకాశాల సగటు తీశాకే పోల్చాలి. ఆ గణన ఖర్చు భరించలేకపోతే సగటు ప్రవాహాన్నే లెక్కించే రాన్స్ పద్ధతితో మొదలుపెట్టడం చిన్నతనమేమీ కాదు.

మసక గురించి క్లుప్తంగా చెబుతాను. న్యూట్రాన్ పుంజం బయటికి వచ్చే రంధ్రం నుంచి డిటెక్టర్‌కు ఉన్న దూరాన్ని ఆ రంధ్రం వ్యాసంతో భాగించిన విలువ 500 అయి, ఇంజెక్టర్ డిటెక్టర్‌కు 50 మిల్లీమీటర్ల ముందు ఉంటే, జ్యామితి మసకే 0.1 మిల్లీమీటరు. ఆ నిష్పత్తిని రెట్టింపు చేస్తే మసక సగమవుతుంది, పుంజం నాలుగో వంతుకు పడిపోతుంది. కాబట్టి ఇంధనపు గొట్టాలూ బిగింపులూ డిటెక్టర్‌కు అడ్డం రాకుండా, ఇంజెక్టర్ ముక్కును వీలైనంత దగ్గరికి తెచ్చేలా హోల్డర్‌ను గీయించు. ప్రయోగం బాగుపడేది చాలాసార్లు ఇలాంటి చోటే.

హైడ్రోజన్ చెదరగొట్టిన న్యూట్రాన్లలో కొన్ని డిటెక్టర్ మీదే పడి, ఇంధనం ఉన్నదానికంటే పలుచగా కనిపించేలా చేస్తాయి. పుంజంలో అన్ని తరంగదైర్ఘ్యాలూ కలిసి ఉండటంతో, నేను పైన వాడిన 4 అన్న అంకె కూడా మందాన్ని బట్టి జరుగుతుంది. కనుక పట్టికల్లోని విలువను నమ్ముకోక, తెలిసిన మందాలు మెట్లుగా ఉన్న చిన్న సెల్‌లో అదే ఇంధనాన్ని పోసి, అదే అమరికలో కొలిచి, ఆ వక్రరేఖను మోడల్‌కు ఇవ్వు. ఖాళీ పుంజం చిత్రాలు, పుంజం మూసి తీసిన చిత్రాలు మొదట్లో ఒక్కసారి తీసి ఊరుకోకుండా నడుమ నడుమ కూడా తియ్యి.

మోడల్ వైపు నీకు అనుభవం ఉంది కనుక రెండు మాటలే. డ్రాయింగ్‌లోని జ్యామితి మీద కాక, నీ చేతిలో ఉన్న ఇంజెక్టర్‌కే టోమోగ్రఫీ (అన్ని కోణాల నుంచి చిత్రాలు తీసి లోపలి ఆకారాన్ని కట్టడం) చేయించి వచ్చిన జ్యామితి మీద మెష్ (లెక్కకు వాడే గడుల వల) వెయ్యి. ఆ చిన్న ఉక్కు ముక్కుకు రిజల్యూషన్ పరంగా ఎక్స్‌రే టోమోగ్రఫీయే మెరుగు. మెష్‌ను కనీసం మూడు స్థాయుల్లో సన్నబరిచి, మారేది కృత్రిమ చిత్రంలో ఎంత కనిపిస్తుందో చూడు. రెండోది, బుడగల మోడల్‌లోని స్థిరాంకాలను చిత్రాలకు సరిపోయేలా సర్దితే, అవే చిత్రాలతో ధ్రువీకరించానని రాయకు. ఒక పీడనం దగ్గర సర్దుకుని, ముట్టని మరో పీడనం దగ్గర పరీక్షించు. ఏ పీడనం దేనికో ప్రతిపాదనలోనే ప్రకటించు.

కేంద్రం ఎంపికకు పెద్ద మథనం అక్కర్లేదు. బ్రిటన్‌లోని ఐసిస్, జపాన్‌లోని జె-పార్క్ వంటి, న్యూట్రాన్లను విడతలుగా పంపే పల్స్ కేంద్రాలు తరంగదైర్ఘ్యాన్ని వేరుచేసి ఇస్తాయి. లోహంలోని ఒత్తిళ్లను చూసేవారికి అది వరం. నీకు కావలసింది ఎడతెగని దట్టమైన పుంజం కాబట్టి అమెరికాలో ఓక్ రిడ్జ్‌లోని హెచ్‌ఎఫ్‌ఐఆర్ రియాక్టర్, స్విట్జర్లండ్‌లోని సింక్ వంటివి చూడు. పరమాణు కేంద్రకాలు న్యూట్రాన్‌ను మింగి రేడియోధార్మికమవుతాయన్నది మాత్రం మరువకు. అల్యూమినియంలో పుట్టేది రెండుంపావు నిమిషాలకు సగమవుతుంది, కోబాల్ట్-60కి ఐదేళ్ల పైన పడుతుంది. గట్టి మిశ్రమ లోహాల్లో కోబాల్ట్, అతుకుల్లో వెండి ఉంటే ఇంజెక్టర్ చాలాకాలం నీ చేతికి తిరిగి రాకపోవచ్చు. ముందే దాని లోహాల జాబితా సంపాదించి, పనితీరు కొలిచిన మరో ఇంజెక్టర్‌ను సిద్ధంగా ఉంచుకో. మండే ద్రవాన్ని పుంజం గదిలోకి తెస్తున్నావు కాబట్టి అక్కడి భద్రతా విభాగంతో దరఖాస్తుకు ముందే మాట్లాడు.

ఇప్పటికి బీమ్‌టైమ్ గడులను ఖాళీగా ఉంచు. సాక్ నిండుగా ఉన్నప్పటి చిత్రం, ఖాళీగా ఉన్నప్పటి చిత్రం, రెంటి తేడా, ఈ మూడింటినీ గంటకూ, ఆరు గంటలకూ, ఒక రోజుకూ సరిపడే ఊగిసలాటతో నాకు పంపు. ఎన్ని రోజులు అడగాలో అవి ముందు పెట్టుకుని నిర్ణయిద్దాం.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి