వీపు మీద పట్టినంతే

ప్రశ్న: అక్కా, మాది హనుమకొండలో నాలా పక్కనున్న కాలనీ. 2023 జులైలో ఇంట్లోకి నడుము లోతు నీళ్ళొచ్చాయి, 2025 అక్టోబర్‌లో మొంథా తుపానప్పుడు మళ్ళీ వచ్చాయి. మా ఆయనకు రాత్రి డ్యూటీ. ఇంట్లో ఉండేది నేను, నాలుగేళ్ళ పాప, షుగర్ ఉన్న మా అత్తమ్మ. మొదటిసారి పడవ తెచ్చి దిగమంటే నేను మిక్సీ పట్టుకుని నిలబడ్డాను, ఎందుకు పట్టుకున్నానో ఇప్పటికీ తెలియదు. ఈసారి ముందే రాసి పెట్టుకుందామని కూర్చుంటే లిస్టు రెండు పేజీలైంది. ఏది ఉంచాలి, ఏది కొట్టేయాలి? వాన మొదలైతే చాలు టెన్షన్.
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: చెల్లె, మిక్సీ పట్టుకున్నందుకు సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. కరెంటు పోయి, చీకట్లో బయటి నుంచి ఎవరో దిగండి దిగండి అని అరుస్తుంటే చేతికి ఏది తగిలితే అదే పట్టుకుంటాం. మా ఇంట్లో అదే రాత్రి ముగ్గురం కలిసి టీవీని అటక మీదికి ఎక్కించాం, అమ్మ కళ్ళద్దాలు, బీపీ గోళీలు మాత్రం కిటికీలోనే ఉండిపోయాయి. మర్నాడంతా ఆమె తల పట్టుకుని కూర్చుంది, గోళీ పేరు మాలో ఒక్కరికీ గుర్తు లేదు. ఆ సంగతి నాకు ఇప్పటికీ బాధే.

అందుకే చెబుతున్నాను, ఆ లిస్టు పక్కన పెట్టి ముందు చేతులు లెక్కపెట్టు. ఒక చేత్తో పాపను ఎత్తుకుంటావు, ఇంకో చెయ్యి అత్తమ్మ పట్టుకుంటుంది. ఇక సామానుకు చేతులేవి? వీపు ఒక్కటే మిగిలింది. పిల్లల స్కూల్ బ్యాగు ఒకటి తీసుకో, అందులో పట్టిందే నీ సామాను, పట్టనిది ఎంత ఖరీదైనా ఇంట్లోనే. మోకాలి లోతు నీళ్ళే కదా అనుకుంటాం కానీ, పారే నీళ్ళు మోకాలి లోతున్నా పెద్దవాళ్ళనే తోసేస్తాయి, అప్పుడు చేతిలో సంచి ఉంటే గోడ పట్టుకోవడానికి చెయ్యి ఉండదు.

బ్యాగులో మొదట పోవాల్సింది అత్తమ్మ మందులు. ఇన్సులిన్ గురించి చాలామంది ఫ్రిజ్ లేకపోతే పాడైపోతుందని వదిలేసి వస్తారు, అది తప్పు. వాడుతున్న సీసా గానీ పెన్ను గానీ మామూలు గది వేడిలో దాదాపు నాలుగు వారాలు ఉంటుంది, రకాన్ని బట్టి కొంచెం అటూ ఇటూ అవుతుంది కాబట్టి మీది ఎన్ని రోజులో మందుల షాపులో అడిగి డబ్బా మీదే రాసి పెట్టుకో. ఎండ తగలకుండా, ప్లాస్టిక్ కవర్లో వేసి దాని చుట్టూ తడి గుడ్డ చుడితే చాలు. ఐసు ముక్కల్లో మాత్రం పెట్టొద్దు, గడ్డకట్టిన ఇన్సులిన్ మళ్ళీ కరిగినా పనికిరాదు. దాంతోపాటు సూదులు, షుగర్ చూసే మిషను, డాక్టర్ చీటీ, ఒక చక్కెర పొట్లం. పునరావాస కేంద్రంలో భోజనం ఏ రెండింటికో వస్తుంది, అప్పటిదాకా ఖాళీ కడుపుతో ఉంటే షుగర్ పడిపోతుంది, ఆ చక్కెర అప్పుడు కావాలి.

తర్వాత కాగితాలు. ఇక్కడే లిస్టు పెరిగిపోతుంది, ఎందుకంటే అన్నీ ముఖ్యమే అనిపిస్తాయి. ఒక్కో కాగితం చేతిలోకి తీసుకుని, ఇది పోతే మళ్ళీ ఎవరిస్తారు అని అడుగు. ఆధార్ పోతే మళ్ళీ డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. లైసెన్సు, బండి ఆర్‌సీ డిజిలాకర్‌లో ఉంటే ఒరిజినల్‌తో సమానంగానే చెల్లుతాయి, కానీ సంబంధిత శాఖ నుంచి అందులోకి వచ్చిన పత్రానికే ఆ విలువ, మనం ఫోటో తీసి ఎక్కించిన దానికి లేదు, ఈ తేడా తెలుసుకో. ఇంటి రిజిస్ట్రేషన్ దస్తావేజు పోతే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ ఇస్తారు, తిరగాలి గానీ దొరుకుతుంది. బ్యాంకు పాస్‌బుక్ సంగతి చెప్పనే అక్కర్లేదు. టెన్త్ మెమోకు డూప్లికేట్ వస్తుంది కానీ దానికోసం నెలలు పోతాయి, కాబట్టి అది బ్యాగులో ఉండాలి. ఎవరికైనా అప్పిచ్చి రాయించుకున్న ప్రామిసరీ నోటు ఉంటే అదీ ఉండాలి, దానికి ఇంకో కాపీ లోకంలో ఎక్కడా లేదు.

ఇంకొక మాట, ఇది కళ్ళారా చూసి చెబుతున్నాను. మనింట్లో కాగితాలు బీరువాలో, అందులోనూ చీరల మడతల కింద పెడతాం కదా. మా వదిన వాళ్ళ ఇంట్లో నీళ్ళు తగ్గాక బీరువా ముందు మోకాలెత్తు బురద, తలుపు రాలేదు, చివరికి గడ్డపార పెట్టి లేపారు. లోపల పైన ఉన్న రాణీరంగు పట్టుచీర రంగు మొత్తం కిందికి దిగి కవర్లలో చేరింది. ఇద్దరు పిల్లల మెమోలు ఒకదానికొకటి అతుక్కుని, విడదీస్తే సంతకం ఉన్న చోట గులాబీ మరక ఒక్కటే మిగిలింది. వదిన ఆ కాగితాన్ని రెండు అరచేతుల్లో పెట్టుకుని ఎండలోకి నడవడం నాకు ఇంకా కళ్ళ ముందే ఉంది. కాబట్టి జూన్ వచ్చేసరికి కాగితాలు బీరువాలోంచి బయటికి రావాలి, జిప్ కవర్లో పెట్టి, ఆ కవర్ను ఇంకో కవర్లో పెట్టి, బ్యాగు తలుపు వెనక మేకుకు వేలాడాలి.

బంగారం ఒంటి మీద ఉన్నంత వరకే. మిగతాది వానలకు ముందే లాకర్లోనో, పైఅంతస్తులో ఉండే మీ అమ్మవాళ్ళ దగ్గరో పెట్టించు. బియ్యం, వంట సామాను వద్దు, బిస్కెట్లు, రెండు నీళ్ళ సీసాలు చాలు. పాపకు ఒక జత బట్టలు, తనకు అలవాటైన బొమ్మో దుప్పటి ముక్కో తప్పకుండా పెట్టు, కొత్త చోట పిల్లలు నిద్రపోరు. అత్తమ్మకు నీ ఫోన్ నంబరు, మీ ఆయన నంబరు కాగితం మీద రాసి ఇవ్వు, పాప జేబులో కూడా ఒకటి. ఫోన్ చచ్చిపోయాక మనకు ఒక్క నంబరూ నోటికి రాదు. కొంచెం నగదు, చిన్న నోట్లు.

ఎప్పుడు దిగాలి అన్నది ఏం తీసుకోవాలి అన్నదానికంటే పెద్ద ప్రశ్న. 2023 జులై 27 ఉదయానికి ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది. అదే రోజు తెల్లవారుజామున భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని వాగు ముంచేసింది, జనం మిద్దెలెక్కితే హెలికాప్టర్లు వచ్చి దించాయి. అలాంటప్పుడు బీరువా తెరిచి వెతుక్కునే టైం ఎవరికుంటుంది? మన హనుమకొండ, వరంగల్‌లో ఇంకో చిక్కుంది, మనవి ఒకదాని కింద ఒకటి ఉన్న గొలుసు చెరువులు. మన వీధిలో వాన ఆగిపోయినా పైన వడ్డేపల్లి చెరువు మత్తడి పోస్తుంటే ఆ నీళ్ళు తర్వాత వస్తాయి. ఆ పెద్ద వాన పడింది 27న, భద్రకాళి చెరువు కట్టకు పోతననగర్ వైపు గండి పడింది 29న. వాన తగ్గింది కదా అని పడుకోవద్దు. నాలాలో నీళ్ళు రోడ్డు అంచుకు వచ్చాయంటే అర్ధరాత్రి అయినా సరే పొడి కాళ్ళతోనే బయటపడు. సిలిండర్ రెగ్యులేటర్ కట్టెయ్యి, మెయిన్ స్విచ్ ఇల్లు పొడిగా ఉన్నప్పుడే ఆపు, నీళ్ళలో నిలబడి దాన్ని ముట్టుకోవద్దు. ఇరుక్కుంటే 112.

ఇదంతా నీళ్ళ సంగతి. గ్యాస్ వాసన వచ్చినా మంటలు లేచినా ఆ బ్యాగు కూడా వద్దు, ఏ స్విచ్చూ ముట్టకుండా పాప, అత్తమ్మ, నువ్వు, అంతే.

ప్రశ్న: అమ్మా, వాగు ఒడ్డున మా ఇల్లు. ఎకరంన్నర సాదాబైనామా కింద కొన్న భూమి, రెండు బర్లు, ఒక దూడ. అధికారులు పొమ్మంటే బర్లను విడిచి ఎట్ల పోవాలె?
– ఒక రైతు, ములుగు జిల్లా

జవాబు: అన్నా, విడిచిపెట్టి పోవడం వేరు, కట్టేసి పోవడం వేరు. వరద పోయిన పల్లెల్లో గుంజకు కట్టిన పలుపుతోనే చచ్చిపడి ఉన్న బర్లను చూశాను, మెడ దగ్గర తాడు బిగిసి చర్మం లోపలికి దిగి ఉంది. విప్పి ఉంటే బర్రె ఈదుతుంది, ఎత్తుకు తనే పోతుంది. వాగు పొంగుతుందని తెలిసిన రోజు సాయంత్రమే వాటిని గడ్డమీది చేనుకో బంధువుల దొడ్డికో తోలు, అది కుదరకపోతే పోయేముందు పలుపులు విప్పి దొడ్డి గేటు తెరిచిపెట్టు. దూడను తల్లితోనే వదులు. చెవి పోగు ఉంటే ఆ నంబరు రాసుకుని, మూడింటినీ ఫోన్లో ఫోటో తీసి పెట్టుకో, తర్వాత పరిహారం అడగాలన్నా, తప్పిపోతే వెతకాలన్నా పనికొస్తుంది.

మీ బ్యాగులో అన్నిటికంటే ముందు ఉండాల్సింది ఆ సాదాబైనామా కాగితం. పట్టా పాసుపుస్తకం పోయినా భూమి రికార్డు ప్రభుత్వం దగ్గర ఉంటుంది. తెల్లకాగితం మీద రాసుకున్న ఒప్పందం ఏ ఆఫీసులోనూ లేదు, సంతకాలు చేసిన పెద్దమనుషులు కూడా ఎల్లకాలం ఉండరు. జిరాక్సులు తీయించి ఒకటి వేరే ఊళ్ళో ఉండే అల్లుడికో కొడుక్కో ఇవ్వండి, ఒరిజినల్ మాత్రం వానాకాలమంతా మీ వెంటే.

ప్రశ్న: హంటర్ రోడ్డు దగ్గర మా ఇల్లు మునిగింది. అన్నీ మళ్ళీ కొనుక్కున్నాం. మా బాపుది ఉన్న ఒకే ఒక్క ఫోటో ఆల్బంలో తడిసి ప్లాస్టిక్‌కు అతుక్కుపోయింది, ఇంకా అట్లనే దాచాను. దాన్ని తీయొచ్చా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: తమ్ముడూ, చేత్తో లాగొద్దు, లాగితే ముఖం ప్లాస్టిక్‌తోనే వచ్చేస్తుంది. తడిసినప్పుడే అయితే శుభ్రమైన చల్లటి నీళ్ళలో కాసేపు ఉంచి మెల్లగా విడదీసి, బొమ్మ పైకి ఉండేలా నీడలో ఆరబెట్టాలి. ఇప్పుడు ఎండి అతుక్కుపోయింది కాబట్టి ముందు చేయాల్సింది ఒకటే, పగటి వెలుగులో కిటికీ దగ్గర పెట్టి, మెరుపు పడకుండా కొంచెం పక్కనుంచి, ప్లాస్టిక్ మీద నుంచే మంచి ఫోన్‌తో ఐదారు ఫోటోలు తియ్యి. వాటిని మీ అక్కాచెల్లెళ్ళకు, అన్నదమ్ములకు వెంటనే పంపు. ఆ తర్వాతే పాత ఫోటోలు బాగుచేసే స్టూడియోకు ఆల్బం పేజీని పేజీగానే పట్టుకెళ్ళు, విడదీసి తీసుకురమ్మంటే ఒప్పుకోకు.