బుజ్జమ్మకు, డేటా పని మొదలుపెట్టే ముందు

బుజ్జమ్మా,

డెల్టా రైతులు వరా, రొయ్యా అన్నది ఎలా తేల్చుకుంటారో పెద్ద డేటా పెట్టి చదువుతానన్నావు. శుభం. స్టాటిస్టిక్స్ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి, కాస్త చాదస్తం భరించు.

డేటా ఎక్కువుంటే లాభమే. న్యూయార్క్ టాక్సీ డ్రైవర్లు ఆ రోజుకి అనుకున్న డబ్బు రాగానే బండి ఆపేస్తారని 1997లో ఆర్థికవేత్తలు కామెరర్, థేలర్ వాళ్లు కొద్దిపాటి ట్రిప్ షీట్లు చూసి రాశారు. 2015లో ఫార్బర్ అనే ఇంకో ఆర్థికవేత్త అక్కడి ఐదేళ్ల ట్రిప్పుల రికార్డులు తిరగేస్తే, రాబడి బాగున్నప్పుడు ఎక్కువసేపే తిరుగుతున్నట్టు తేలింది.

మన దగ్గర చిక్కు వేరు. రైతు చేసింది రికార్డవుతుంది, అప్పుడు అతని ముందు ఏ దారులున్నాయో అవదు. వనామీ రొయ్య సంగతే చూడు. కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో అది. 30 కౌంట్ దాకా పెంచితే మంచి రేటు. 100 కౌంట్‌కే పట్టుబడి చేసినవాడు నీ పట్టికలో ఓపిక లేనివాడిలా కనబడతాడు. పక్క చెరువుకి వైట్‌స్పాట్ తెగులు వచ్చిందని రాత్రికి రాత్రి వల దించాడేమో! మేత అప్పిచ్చినాయన పట్టేయమన్నాడేమో! అందుకే ప్రతి పట్టుబడి పక్కనా ఆ వారం చుట్టుపక్కల చెరువుల్లో ఏం జరిగిందో చేర్చు. తేదీ, సర్వే నంబరు దొరికితే కంప్యూటర్‌కి అదెంత పని?

శాటిలైట్ బొమ్మలూ అంతే. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. పైనుంచి చూస్తే ఖాళీ నేలే. నీరందని శివారు పొలం, మురుగు దిగక నాట్లు మానేసిన పొలం, గిట్టుబాటు ధర కోసం పంతంతో వదిలేసిన పొలం, అన్నీ ఒక్కలాగే ఉంటాయి. నిలవ నీటిని మబ్బుల్లోంచి కూడా పట్టే సెంటినెల్-1 రాడార్ ఉపగ్రహం 2014లో గానీ పైకి వెళ్లలేదు. కాబట్టి ఆ ఏటి సంగతికి మురుగు కాలువ గట్ల వెంట తిరిగి, ముసలాళ్లని అడగాల్సిందే. ఎండకి గొడుగు తెచ్చుకో.

పేరున్నవాడే నిర్ణయించాడనీ అనుకోకు. పొలం హైదరాబాదులో ఉన్నాయన పేర, సాగు కౌలు రైతుది. సిమ్ కార్డు మొగుడి పేర, ఫోన్లో ధర కనుక్కునేది ఆవిడ.

పేర్లు, నంబర్లు మొదటిరోజే తీసేయి. అదీ చాలదు. ఊళ్లో పెద్ద చెరువు ఒక్కడికే ఉంటే, విస్తీర్ణం చూసి టీ కొట్టు దగ్గర ఎవరైనా ఆనవాలు పట్టేస్తారు. ఎకరాలు కూడా కచ్చితంగా వేయక, ఇన్నింటి నుంచి ఇన్ని దాకా అని రాయి.

ఆశీస్సులతో,
పెదనాన్న, అమలాపురం