మూత్రాశయ క్యాన్సర్: మైక్రోఆర్‌ఎన్‌ఏ టెస్టు చేయించాలా?

ప్రశ్న: మాది ఎమ్మిగనూరు. నాన్నకు 61 ఏళ్లు. నూలుకు రంగులేసే పని చేసేవారు, బీడీలు తాగుతారు. మూత్రంలో రక్తం పడుతుంటే కర్నూలులో గడ్డ తీశారు. బయాప్సీలో ‘హై గ్రేడ్, టీ1’ అని వచ్చింది. మూత్రాశయంలోకి బీసీజీ మందు పెట్టాలన్నారు. మైక్రోఆర్‌ఎన్‌ఏ టెస్టు చేస్తే జబ్బు తిరగబెడుతుందో లేదో తెలిసిపోతుందని బంధువులంటున్నారు. నిజమేనా డాక్టర్ గారూ?

జవాబు: ఇప్పుడా టెస్టు అక్కర్లేదు. ఆ డబ్బు సిస్టోస్కోపీలకు (మూత్రాశయంలోకి కెమెరా గొట్టం పంపి చూసే పరీక్షలకు) దాచుకోండి.

మైక్రోఆర్‌ఎన్‌ఏలంటే సుమారు 22 అక్షరాల (న్యూక్లియోటైడ్లనే రసాయన యూనిట్ల) పొడవుండే ఆర్‌ఎన్‌ఏ ముక్కలు. కణంలో ఏ ప్రొటీన్ ఎంత తయారవ్వాలో అదుపు చేస్తాయి. వీటిని కనిపెట్టినందుకే ఆంబ్రోస్, రవ్‌కన్‌లకు 2024లో నోబెల్ వచ్చింది. మూత్రాశయ క్యాన్సర్ గడ్డల్లో మిర్-21 అనే మైక్రోఆర్‌ఎన్‌ఏ పెరగడం, మిర్-143, మిర్-145 తగ్గడం చాలా పరిశోధనల్లో కనిపించింది. చిక్కల్లా కొలతలోనే. ఒకరు గడ్డ ముక్కలో చూస్తారు, ఇంకొకరు మూత్రంలో, మరొకరు రక్తంలో. ఎంత దాటితే ప్రమాదమో అందరూ ఒప్పుకున్న హద్దు లేదు. పైగా మూత్రంలో రక్తం కలిస్తే ఎర్రకణాల్లో ఉండే మిర్-16, మిర్-451 వచ్చి చేరి లెక్క తారుమారవుతుంది. కొన్ని ల్యాబులు పోలికకు పెట్టుకునేది ఆ మిర్-16నే!

అదలా ఉంచండి. హై గ్రేడ్ (దూకుడుగా పెరిగే రకం) టీ1 (లోపలి పొర దాటినా కండరంలోకి దిగని గడ్డ) అంటేనే హై రిస్కు. టెస్టులో ప్రమాదం ఎక్కువని వచ్చినా ముందు చేసేది ఈ బీసీజీ వైద్యమే. తక్కువని వచ్చిందని బీసీజీ మానేద్దామని ఏ యూరాలజిస్టూ అనరు.

ముందు బయాప్సీ రిపోర్టు తీసి ‘డిట్రూసర్ మజిల్’ (మూత్రాశయం గోడలోని కండరం) అన్న లైను చూడండి. కండరం ముక్క రాలేదని ఉంటే, గడ్డ కండరంలోకి దిగిందో లేదో తెలియనట్టే; టీ1 అన్న మాట మీద భరోసా పెట్టుకోలేం. ముక్క వచ్చినా సరే, టీ1కి 2–6 వారాల్లో అదే చోట మళ్లీ గీకి చూడటం మంచిది. మిగిలిపోయిన గడ్డ అప్పుడే బయటపడుతుంది. ‘సీఐఎస్’ (లోపలి పొరలోనే చదునుగా పాకే క్యాన్సర్) ఉందా, గడ్డ 3 సెం.మీ. దాటిందా అన్నదీ అడగండి.

బీసీజీ వారానికొకటి చొప్పున 6 డోసులు. తర్వాత 3, 6 నెలలకు, ఆపైన ఆరేసి నెలలకు మూడేసి డోసులు, మొత్తం మూడేళ్లు. మందును 2 గంటలు లోపలే ఆపుకోవాలి. ఆ రోజు మూత్రం ఎర్రగా ఉన్నా, ఇన్ఫెక్షన్ ఉన్నా, ట్యూబు వేసేటప్పుడు రక్తమొచ్చినా వాయిదా వేయాల్సిందే. లేకపోతే మందులోని బతికున్న క్రిములు రక్తంలోకి వెళ్తాయి. తర్వాత 6 గంటలు కూర్చునే మూత్రం పోయాలి. ప్రతిసారీ టాయ్‌లెట్‌లో బ్లీచింగ్ వేసి 15 నిమిషాలాగి నీళ్లు కొట్టండి. ఒకట్రెండు రోజులు మంట, నలత మామూలే. జ్వరం 101 దాటినా, చలీ వణుకూ వచ్చినా ఆస్పత్రికి వెళ్లాలి.

సిస్టోస్కోపీ రెండేళ్లు 3 నెలలకోసారి, ఆపైన ఐదేళ్ల దాకా 6 నెలలకోసారి. మూత్రం తేటగా వస్తోంది కదా అని చాలామంది ఇక్కడే మానేస్తారు. అలా చేయొద్దు. బీడీ మాత్రం ఈ రోజే ఆపించండి. కొన్ని రంగుల్లో ఉండే ఆరోమాటిక్ అమీన్లనే క్యాన్సర్ కారక రసాయనాలు ఆ పొగలోనూ ఉంటాయి. ఆయనతో రంగుల పని చేసినవాళ్లకు నొప్పి లేకుండా రక్తం పడితే, వేడి చేసిందని బార్లీ నీళ్లతో సరిపెట్టుకోకుండా మూత్ర పరీక్ష, స్కానింగ్ చేయించుకోమనండి.