అమెరికాలో హెచ్-1బీ వర్క్ వీసా మీద ఉండగా లేఆఫ్ అయింది, 60 రోజుల్లో ఉద్యోగం ఎలా వెతకాలి?

ముందు ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చూపే రికార్డు) తేదీ చూసుకోండి. ఉద్యోగం ముగిసిన మర్నాటి నుంచి గరిష్ఠంగా 60 రోజులు అక్కడ ఉండొచ్చు. ఐ-94 అంతకంటే ముందే అయిపోతే అదే గడువు. తర్వాత వచ్చే సెవరెన్స్ డబ్బు (ఉద్యోగం తీసేసినందుకు కంపెనీ ఇచ్చేది) దీన్ని పొడిగించదు.

వందల అప్లికేషన్లు పెట్టేకన్నా, మీతో పనిచేసి వేరే కంపెనీలకు వెళ్లినవాళ్లకు ఫోన్ చేయండి. "ఏమైనా ఉంటే చెప్పు" అంటే ఎవరూ ఏమీ చేయలేరు. జాబ్ ఐడీ, రెజ్యూమె, మీ గురించి మూడు వాక్యాలు పంపి, "దీనికి రిఫర్ చేస్తావా?" అని అడగండి. మొహమాటపడితే రోజులు కరిగిపోతాయి, దయచేసి అడగండి. రిక్రూటర్‌తో మొదటి కాల్‌లోనే వీసా బదిలీ సంగతి చెప్పేయండి.

గడువులోగా కొత్త కంపెనీ మీ కోసం వేసే హెచ్-1బీ పిటిషన్ అమెరికా వలస వ్యవహారాలు చూసే యూఎస్‌సీఐఎస్‌కు చేరితే పనిలో చేరొచ్చు, ఆమోదం దాకా ఆగక్కర్లేదు. నలభయ్యో రోజుకీ ఆఫర్ రాకపోతే, జీవిత భాగస్వామికి హెచ్-1బీ ఉంటే హెచ్-4కు (హెచ్-1బీ వాళ్ల కుటుంబసభ్యులకు ఇచ్చే వీసా) మారే దరఖాస్తు గురించి లాయర్‌తో మాట్లాడండి.